అద్దం ముందు నుంచి పక్కకు జరగడం ఎలా: ఒంటి గురించి లోలోపల నలిగిపోయే మగవాళ్లకి

పొట్ట కనబడకుండా ఊపిరి బిగబట్టి ఫొటో దిగడం, టీషర్ట్ ఛాతీకి అతుక్కుందేమోనని మాటిమాటికీ రెండు వేళ్లతో ముందుకు లాగి వదలడం, కూర్చోగానే బ్యాగో దిండో ఒళ్లోకి లాక్కోవడం, ఫోన్ కెమెరా ఆన్ చేసి నుదుటి మీద జుట్టు వెనక్కి అదిమి ఇంకెంత వెనక్కి పోయిందో చూసుకోవడం. ఇవన్నీ చేసే మగవాళ్లు మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. పక్కవాడు చేస్తున్నా మనకి తెలీదు, మనం చేస్తున్నా పక్కవాడికి తెలీదు, ఎందుకంటే "నా ఒళ్లు నాకే నచ్చట్లేదురా, దాంతో మనసేం బాగోట్లేదు" అని ఒక మగాడు ఇంకో మగాడితో అనడం దాదాపు జరగదు. మన మీద మనమే జోకు వేసుకుంటాం, లేదంటే జిమ్‌లో చేరతాం. జిమ్‌లో చేరితే ఇంకా మంచిది కదా, అందరూ మెచ్చుకుంటారు, లోపల ఏం జరుగుతోందో ఎవరూ అడగరు.

ఇక్కడ బరువు ఎలా తగ్గాలో చెప్పట్లేదు, కండలు ఎలా పెంచాలో కూడా కాదు. "మీ శరీరాన్ని ప్రేమించండి" అని కూడా అనను. ఆ మాట వినడానికి బాగుంటుంది గానీ, ఇరవై మూడేళ్లకే జుట్టు ఊడిపోతున్న కుర్రాడికి అద్దంలో చూసుకుంటే ప్రేమ పుట్టుకురాదు. అంత అవసరం కూడా లేదు. ఒళ్లు నచ్చకపోయినా హాయిగా బతికేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. దాని గురించిన ఆలోచన మీ రోజులో ఎంత చోటు ఆక్రమిస్తోందన్నదే అసలు సంగతి. ఆ చోటు తగ్గించడం మాత్రం చేయగలిగిన పనే.

ముందు లెక్క రాయండి, కానీ కిలోల లెక్క కాదు

ఒక వారం పాటు ఫోన్ నోట్స్‌లో రోజూ రెండే రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, ఈ రోజు ఒంటి గురించి ఎంతసేపు పోయింది: అద్దం, తూకం, పాత ఫొటోలు తిరగేయడం, ఎవరితోనో పోల్చుకోవడం, అర్ధరాత్రి "ఛాతీ కొవ్వు తగ్గాలంటే" అని వెతకడం, అన్నీ కలిపి. రెండోది, దాని వల్ల ఈ రోజు ఏం మానుకున్నారు. ఈతకి రమ్మంటే పని ఉందన్నారా, వీడియో కాల్‌లో కెమెరా ఆపేశారా, ఫొటో తీస్తుంటే "నేను తీస్తాలే" అని ఫోన్ అందుకున్నారా, లైటు ఆర్పితే గానీ భార్య ముందు చొక్కా విప్పలేకపోయారా, డాక్టర్ బరువు చూస్తాడని చెకప్ వాయిదా వేశారా. బరువు, నడుము కొలత, చేతి కొలత మాత్రం ఇందులో రాయకండి.

వారం అయ్యాక చదువుకుంటే మొదటి లెక్క కన్నా రెండోదే ఎక్కువ గుచ్చుకుంటుంది. రోజుకి గంటకు పైగా పోతోందంటే, లేదా మానుకున్నవాటిలో ఉద్యోగం, చదువు, దగ్గరివాళ్లు ఉన్నారంటే, కింద రాసినవన్నీ చేస్తూనే డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాలి. దాని గురించి చివర్లో రాశాను.

జిమ్‌కి వెళ్లేవాళ్లు ఇంకో పరీక్ష పెట్టుకోవచ్చు. అనుకోకుండా ఒక రోజు వర్కవుట్ తప్పిపోతే ఏమవుతుంది? కాస్త చిరాకు పడి మర్చిపోతే అది ఇష్టం. ఆ రోజంతా టెన్షన్ పడి, తిండి తగ్గించి, మర్నాడు రెట్టింపు చేసి, భుజం నొప్పెడుతున్నా ఆపకపోతే అది ఇష్టం కాదు. ఎంత కండ పెరిగినా తాను బక్కగానే ఉన్నానని నమ్మే ఈ స్థితిని అమెరికాలో హారిసన్ పోప్ అనే సైకియాట్రిస్టు, ఆయన తోటి పరిశోధకులు 1993లో బాడీబిల్డర్లలో గమనించి రాశారు, 1997లో దానికి మజిల్ డిస్మార్ఫియా అని పేరు పెట్టారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా సైకియాట్రిస్టులు జబ్బులు గుర్తించడానికి వాడే పుస్తకంలో, బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ కింద దీన్ని చేర్చారు. ఒంట్లో ఏదో లోపం ఉందన్న ఆలోచన వదలకుండా వేధించే జబ్బు అది. చూసేవాళ్లకి పహిల్వాన్‌లా కనిపించే మనిషి ఎండాకాలంలో కూడా వదులు జాకెట్ వేసుకుని తిరుగుతుంటే అది స్టైల్ కాకపోవచ్చు, చేతులు సన్నగా కనిపిస్తాయన్న సిగ్గు కావచ్చు.

ఎవరితో పోల్చుకుంటున్నారో ఒకసారి చూసుకోండి

ఆ పోప్ బృందమే 1999లో పిల్లల బొమ్మలు కొలిచింది. జీఐ జో అనే సైనికుడి బొమ్మ 1964లో మొదట వచ్చినప్పుడు, దాన్ని మామూలు మనిషి ఎత్తుకి పెంచి లెక్కేస్తే చేతి కండ చుట్టుకొలత దాదాపు 12 అంగుళాలు. 1990ల చివర్లో అమ్మిన బొమ్మకి అదే లెక్కన దాదాపు 27 అంగుళాలు! చాలామంది మగవాళ్ల తొడ చుట్టుకొలత కూడా అంత ఉండదు. మనం అక్షరాలు నేర్చుకోకముందే "మగాడంటే ఇలా ఉంటాడు" అన్న కొలత చేతిలో పెట్టేశారన్నమాట.

ఇంకోటి. 2000లో ఆస్ట్రియా, ఫ్రాన్స్, అమెరికా యువకుల్ని "ఆడవాళ్లకి ఎలాంటి ఒళ్లు నచ్చుతుందనుకుంటున్నారు?" అని అడిగితే, తమకి ఉన్నదానికన్నా సుమారు 14 కిలోల కండ ఎక్కువున్న బొమ్మని చూపించారు. ఆడవాళ్లని అడిగితే మామూలు ఒంటినే ఎంచుకున్నారు. ఆ 14 కిలోలు ఎవరూ అడగలేదు.

ఇక ఫోన్‌లో కనిపించే ఒళ్లు. చొక్కా లేని ఫొటోకి ముందు వర్కవుట్ చేసి కండల్లోకి రక్తం పారేలా చేసుకుంటారు, ఆ ఉబ్బు కాసేపట్లో దిగిపోతుంది. కొందరు నీళ్లు కూడా తగ్గిస్తారు. లైటు పైనుంచి పడేలా నిలబడతారు, వందల్లో ఒకటి ఎంచుకుంటారు. స్టేజీ ఎక్కే రోజున ఉండే ఒళ్లు వాళ్లకి కూడా ఏడాదంతా ఉండదు. వీటన్నిటికీ తోడు స్టెరాయిడ్లు, అంటే కండ పెంచడానికి వాడే టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్ మందులు. టెస్టోస్టెరాన్‌ని ల్యాబ్‌లో తయారు చేయడం 1935లో మొదలైంది. అంతకు ముందు కాలపు బలశాలుల ఫొటోలు వెతికి చూడండి, తమ రోజుల్లో జనం టికెట్ కొని చూసిన ఆ ఒళ్లు ఇవాళ్టి ఫీడ్‌లో పెడితే ఎవరూ ఆగి చూడరు. మందు లేకుండా పెరిగే కండకి ఒక హద్దు ఉంది. ఆ హద్దుని లెక్కగట్టే ఫార్ములా కూడా ఉంది గానీ ఇక్కడ రాయను, రాస్తే ఇప్పుడే కాలిక్యులేటర్ తీస్తారు.

మీరు చేయాల్సింది ఇది: ఈ రాత్రే ఫోన్ తీసి, చూడగానే మీ చెయ్యి మీ పొట్ట మీదికి వెళ్లేలా చేసే అకౌంట్లన్నీ మ్యూట్ చేయండి. అన్‌ఫాలో చేస్తే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కర్లేదు, మ్యూట్ చేస్తే వాళ్లకి తెలీదు. వ్యాయామం ఎలా చేయాలో నేర్పేవి ఉంచుకోండి, ఒట్టి ఛాతీ చూపించేవి తీసేయండి. అలాంటి వీడియో మళ్లీ వస్తే "ఆసక్తి లేదు" నొక్కండి, కోపంతో కూడా పూర్తిగా చూడకండి, మీరు కోపంగా చూస్తున్నారో కోరికగా చూస్తున్నారో ఆ యాప్‌కి తేడా తెలీదు.

సెల్ఫీ చూసి ముఖం గురించి బాధపడేవాళ్లకి ఒక మాట. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోలో మగవాళ్ల ముక్కు, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీసినదానికన్నా దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో లెక్క కట్టి చూపించారు. ముక్కు ఆపరేషన్ గురించి వెతికే ముందు ఫోన్ కాస్త దూరం పెట్టి చూడండి.

అద్దం, తూకం, చేతులు

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే అని నా అభిప్రాయం, అందుకే కొంచెం సాగదీస్తాను.

ఒంటిని మాటిమాటికీ చూసుకోవడం, తడుముకోవడం, కొలుచుకోవడం ఎందుకు చేస్తాం? కాస్త ఊరట కోసం. "ఫర్లేదు, నిన్నటిలాగే ఉంది" అనుకుంటే ఓ ఐదు నిమిషాలు ప్రశాంతం, ఆ తర్వాత మళ్లీ అనుమానం. పైగా ఏ భాగాన్నయినా దగ్గర్నుంచి అదే పనిగా చూస్తే అది వింతగా కనిపించడం మొదలవుతుంది, ముక్కయినా, పొట్టయినా, బొటనవేలైనా. కాబట్టి చూసుకున్న కొద్దీ లోపం పెరుగుతున్నట్టే ఉంటుంది, ఒళ్లు మాత్రం అలాగే ఉంటుంది.

అద్దానికి కొన్ని నియమాలు పెట్టండి. పని ఉంటేనే అద్దం: గడ్డం గీసుకోవడానికి, తల దువ్వుకోవడానికి, బయటికి వెళ్లే ముందు బట్టలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికి. కనీసం చేయి చాపినంత దూరం. ఒక భాగాన్ని కాదు, తల నుంచి కాళ్ల దాకా మొత్తం మనిషిని చూడండి. పని అయిపోతే పక్కకు జరగండి. పక్కకి తిరిగి పొట్ట లోపలికి లాగి వదిలి చూసుకునే తంతు ఉంటుందే, మొదట ఆపాల్సింది అదే. లిఫ్టులో, షాపు అద్దాల్లో, ఆగి ఉన్న కారు అద్దంలో కనబడినప్పుడు చూడకుండా ఉండటం మొదటి వారం చాలా కష్టం, మెడ దానంతటదే తిరుగుతుంది. తిరిగినప్పుడు తిట్టుకోకండి, చూపు వేరే దాని మీదికి మార్చండి, అంతే.

చేతుల సంగతి. టీషర్ట్ లాగడం, మణికట్టు చుట్టూ వేళ్లు పెట్టి చూసుకోవడం, నడుము దగ్గర చర్మం పట్టుకోవడం, ఇవి మనకి తెలియకుండానే జరుగుతాయి. అందుకే ముందు రెండు రోజులు ఆపడానికి ప్రయత్నించకుండా, ఎప్పుడెప్పుడు చేస్తున్నారో గమనించండి. ఎక్కువగా కొత్తవాళ్లు గదిలోకి రాగానే, లేదా కుర్చీలో కూర్చోగానే జరుగుతుంది. ఆ సమయానికి చేతికి వేరే పని ఇవ్వండి, టేబుల్ మీద పెట్టండి, నీళ్ల గ్లాసు పట్టుకోండి.

తూకం రోజూ వేసుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి: కండల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే చక్కెర ఒక్కో గ్రాముతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లని పట్టి ఉంచుతుంది. ఉప్పు ఎక్కువ తిన్నా, నిద్ర తగ్గినా, కడుపు సరిగ్గా కదలకపోయినా ముల్లు కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. అంటే పొద్దున్నే మీ మూడ్ పాడు చేసిన ఆ కిలో కొవ్వు కాదు, నీళ్లు. వారానికి ఒక్కసారి చాలు. ఆ ఒక్కసారి కూడా రోజంతా పాడు చేస్తోందంటే మిషన్ ఎవరికైనా ఇచ్చేయండి. డాక్టర్ చూడమని చెప్పిన కారణం ఉంటే మాత్రం అది వేరే.

"నేను లావయ్యానా? నిజం చెప్పు" అని భార్యనో ఫ్రెండ్‌నో అడగడం కూడా అద్దం చూసుకోవడం లాంటిదే. వాళ్లు "లేదు" అంటే నమ్మరు, "కొంచెం" అంటే కుమిలిపోతారు. అడగాలనిపించినప్పుడు అరగంట ఆగండి.

ఇక మానుకున్నవి తిరిగి మొదలుపెట్టాలి, ఒకేసారి కాదు. మీరు రాసుకున్న జాబితాలో అన్నిటికన్నా తక్కువ భయం పుట్టించేది తీసుకోండి. ఉదాహరణకి వీడియో కాల్‌లో మొదటి ఐదు నిమిషాలు కెమెరా ఆన్ చేసి ఉంచడం. అది చప్పగా అనిపించేదాకా మళ్లీ మళ్లీ చేసి, తర్వాత దానికి పై మెట్టు. గ్రూప్ ఫొటోలో వెనక వరుసలోంచి ముందు వరుసకి. వదులు చొక్కా నుంచి సరిపోయే చొక్కాకి. ఒళ్లు మారాక ఈతకి వెళ్తానంటే ఎప్పటికీ వెళ్లరు.

తిండి దగ్గర జాగ్రత్త

1944-45లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది మగవాళ్లు స్వచ్ఛందంగా ముందుకొచ్చారు, ఆరు నెలల పాటు వాళ్లకి రోజుకి సుమారు 1,600 కేలరీలు మాత్రమే ఇచ్చారు. వాళ్లు అంతకు ముందు తిన్నదాంట్లో సగం అది. ఇవాళ ఎంతోమంది "మామూలు డైట్" అనుకునే అంకె కూడా అదే, గమనించండి. మెల్లగా వాళ్లు దిగాలు పడిపోయారు, చిరాకు పెరిగింది, సెక్స్ మీద ఆసక్తి పోయింది, ఒకటే తిండి ఆలోచన, కొందరు వంటల పుస్తకాలు పోగేసి చదివారు. మళ్లీ తిండి పెట్టాక, బరువు పెరుగుతుంటే తమ పొట్ట, పిరుదులు లావుగా ఉన్నాయని కొందరు బాధపడ్డారు. మొదట్లో ఆ బాధ లేని మనుషులు వాళ్లు.

కాబట్టి కడుపు మాడ్చుకుంటూ "నాకు డిప్రెషన్ ఎందుకొచ్చింది" అని వెతక్కండి. నిద్ర పట్టకపోవడం, ఎప్పుడూ చలిగా ఉండటం, కోరిక తగ్గడం, పొద్దున్నే వచ్చే అంగస్తంభన ఆగిపోవడం, తిండి గురించే కలలు, ఇవి ఉంటే ముందు తిండి పెంచండి. పూటకి పూట టైముకి తినండి, నిన్న ఎక్కువ తిన్నానని ఇవాళ మానేయకండి. ఎక్కువ తినడం, మర్నాడు మాడటం, మళ్లీ ఎక్కువ తినడం అనే చక్రం ఉన్నా, తిన్నది కక్కేస్తున్నా అది ఈటింగ్ డిజార్డర్, అంటే తిండికి సంబంధించిన మానసిక జబ్బు కావచ్చు. అది ఆడపిల్లల జబ్బు అని చాలామంది డాక్టర్లు కూడా అనుకునేవాళ్లు. అనొరెక్సియాని, అంటే లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బుని, గుర్తించే లక్షణాల్లో నెలసరి ఆగిపోవడం కూడా ఒకటిగా 2013 దాకా ఉండేది, మగాడు ఆ లెక్కలో ఎక్కడ ఇముడుతాడు?

స్టెరాయిడ్ల గురించి క్లుప్తంగా. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే ఒళ్లు సొంతంగా చేయడం ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, ఛాతీ పెరగొచ్చు, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె దెబ్బతింటుంది. ఆపేసిన తర్వాత వచ్చే నెలల్లో హార్మోన్ లేక మనసు పాతాళానికి పడిపోవచ్చు, కండ తగ్గుతోందన్న బెంగ దానికి తోడు, అప్పుడే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. ఇప్పటికే వాడుతుంటే హార్మోన్ల డాక్టర్‌కి ఏం వాడుతున్నారో, ఎంత కాలంగానో ఉన్నదున్నట్టు చెప్పి ఆపండి. ట్రైనర్‌ని అడిగి కాదు.

నోరు విప్పి అడగలేని కొన్ని విషయాలు

ఛాతీ. యుక్తవయసులో హార్మోన్ల మార్పు వల్ల చాలామంది అబ్బాయిలకి చనుమొన కింద గట్టిగా పెరుగుతుంది, ఎక్కువ మందికి ఆరు నెలల నుంచి రెండేళ్లలో తగ్గిపోతుంది. తగ్గకపోతే సర్జరీ ఉంది. ఒకవైపే గట్టి గడ్డ ఉన్నా, చనుమొన నుంచి నీరో రక్తమో వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

జుట్టు. యాభై ఏళ్లొచ్చేసరికి దాదాపు సగం మంది మగవాళ్లకి ఎంతో కొంత ఊడుతుంది. మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ అనే మందులు పని చేస్తాయి, కానీ నెలలు పడుతుంది, ఆపేస్తే ఫలితమూ పోతుంది. ఫినాస్టరైడ్ మాత్రల వల్ల కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు రావొచ్చని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో నిర్ధారించింది. ఇంతకు ముందు డిప్రెషన్ వచ్చి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పండి, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగకండి.

అంగం సైజు. డాక్టర్లు, నర్సులు కొలిచిన 15,521 మంది లెక్కల్ని కలిపి 2015లో చూస్తే స్తంభించినప్పుడు సగటు 13.12 సెంటీమీటర్లు. బ్లూ ఫిల్మ్‌లలో చూసేది కాదు. పైనుంచి కిందికి చూసుకుంటే మనది ఎప్పుడూ పొట్టిగానే కనిపిస్తుంది. పెంచే ఆపరేషన్ కోసం వెళ్లేవాళ్లలో ఎక్కువ మంది మామూలు సైజు ఉన్నవాళ్లే.

ఎత్తు. ఎముకల పెరుగుదల ఆగాక మందు లేదు, పౌడర్ లేదు, వేలాడితే పెరగదు. ఆ ప్రకటనల మీద డబ్బు తగలేయకండి.

జనం అనే మాటలకి

"ఏంట్రా ఇలా అయిపోయావ్?" చాలా రోజుల తర్వాత కలిసిన బంధువు మొదటి మాట ఇదే. మనం నవ్వి ఊరుకుంటాం, ఇంటికొచ్చాక రెండు రోజులు అదే తిరుగుతుంది. పెద్దవాళ్లయితే "బాగానే ఉన్నాను, మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని మాట మళ్లించండి, వివరణ ఇవ్వకండి. ఫ్రెండ్స్ అయితే పక్కకి పిలిచి, నలుగురి ముందు కాకుండా, "ఆ పొట్ట జోకు ఆపరా, నాకు నచ్చట్లేదు" అని ఒక్కసారి సీరియస్‌గా చెప్పండి. చాలామంది ఆపేస్తారు, వాళ్లకి నిజంగానే తెలీదు. ఎందుకంటే ఆ జోకు మొదట వేసుకున్నది మీరే అయ్యుంటారు. వేరేవాళ్లు అనేలోపు మనమే అనేసుకుంటే నొప్పి తగ్గుతుందనుకుంటాం, అది నలుగురికీ లైసెన్స్ ఇచ్చినట్టవుతుంది. అది కూడా మానేయండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల ముందు ఇంకా ముఖ్యం.

మనసులో మాట చెప్పుకోవడానికి ఒక్క మనిషి చాలు. ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కష్టమనిపిస్తే నడుస్తూనో, బండి మీద వెళ్తూనో చెప్పండి. "సలహా ఏం వద్దు, విను చాలు. కొన్నాళ్లుగా నా ఒంటి గురించే ఆలోచిస్తున్నాను, ఆపలేకపోతున్నాను" అంటే సరిపోతుంది. సలహా వద్దని ముందే చెప్పకపోతే వెంటనే డైట్ ప్లాన్ మొదలవుతుంది.

డాక్టర్ దగ్గర

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే పైన రాసినవన్నీ పక్కన పెట్టి ఈ రోజే ఎవరికైనా చెప్పండి, ఒంటరిగా ఉండకండి, దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. ప్రపంచం మొత్తం మీద ఆత్మహత్యతో చనిపోయే మగవాళ్ల రేటు ఆడవాళ్లకి రెట్టింపు కన్నా ఎక్కువ. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ ఉన్నవాళ్లలో ఈ ఆలోచనలు ఎక్కువగానే వస్తాయి, మీరొక్కరే కాదు.

అంత దూరం రాకపోయినా సైకియాట్రిస్టు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో వెళ్లి "నిద్ర పట్టట్లేదు" అని ఆగిపోకండి. మగవాళ్లు అక్కడే ఆగిపోతారు, నిద్రమాత్ర తీసుకుని ఇంటికొచ్చేస్తారు. "నా ఒంటి గురించి రోజుకి ఇంత సేపు ఆలోచిస్తున్నాను, దాని వల్ల ఇవి మానేశాను" అని చెప్పండి. సిగ్గేస్తే ఫోన్‌లో రాసుకున్నది చూపించండి. ముక్కో జుట్టో ఛాతీయో మార్చుకునే ఆపరేషన్‌కి డబ్బు కట్టేసి ఉన్నా సరే, ముందు ఇక్కడికి రండి. ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఆపరేషన్ తర్వాత కూడా తృప్తి కలగడం అరుదు, చూపు ఇంకో భాగం మీదికి మళ్లుతుంది.

దీనికి బాగా పని చేసేవి రెండు: ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే థెరపీ, డిప్రెషన్‌కి కూడా వాడే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు. థెరపీ అంటే వారం వారం వెళ్లాలి, కొన్ని నెలలు పడుతుంది, ఇంటి దగ్గర చేయాల్సిన పని కూడా ఇస్తారు, పైన అద్దం గురించి రాసినలాంటివే, కాకపోతే మీకు తగ్గట్టు. మొదట కలిసిన మనిషి "మగాడివి, ఇదేం సమస్య" అని నవ్వేస్తే ఇంకొకరి దగ్గరికి వెళ్లండి. మందు రాస్తే రెండు వారాలకే "ఏం తేడా లేదు" అని పడేయకండి, ఈ జబ్బులో పూర్తి ప్రభావం కనబడటానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. కోరిక తగ్గడం లాంటి ఇబ్బందులు వస్తే దాచుకోకుండా డాక్టర్‌కి చెప్పండి, మోతాదో మందో మారుస్తారు. ఆపాలన్నా ఆయన్ని అడిగి మెల్లగా తగ్గిస్తూ ఆపాలి, ఒక్కసారిగా కాదు.